నాలుగో రాడ్డు

"సామాను మంచిదో కాదో మీకెలా తెలుస్తుంది గురువుగారూ?"

ఈ మాట నాంచారయ్య తన తొమ్మిదేళ్ళ శిష్యరికంలో ఎన్నిసార్లు అడిగాడో ఆ దేవుడికే ఎరుక. కాళహస్తాచారిగారు ఒక్కసారీ జవాబు చెప్పలేదు. చెప్పకపోగా, "ఆ పధ్నాలుగో నంబరు పానా ఇలా అందుకో" అనేవారు. నాంచారయ్య పానా అందించేవాడు. ప్రశ్న అక్కడితో సరి.

బందరులో రేవుకు పోయే దారిలో, ఉప్పుగాలికి రేకులన్నీ ఎర్రబారిన షెడ్డు ఆచారిగారిది. చేపలవేటకు వెళ్ళే బోట్ల డీజిలు ఇంజన్లను విప్పి, అరిగినవి తీసేసి, కొత్తవి వేసి మళ్ళీ కట్టడం ఆయన విద్య. ఏటా ఎండాకాలంలో రెండు నెలలు, చేప గుడ్డు పెట్టే రోజులని, సముద్రం మీద వేట ఆపేస్తారు. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డున పడుకుంటే, వాటి ఇంజన్లు ఆచారిగారి షెడ్డులో పడుకునేవి. ఆయన చేతిలో కట్టిన ఇంజను నడిసముద్రంలో ఆగిందన్న మాట ఆ రేవులో ఎవరూ ఎరగరు.

కొత్త సామాను వస్తే ఆయన డబ్బా మీది పేరు చూసేవారు కారు. ముఖ్యంగా కనెక్టింగ్ రాడ్ల విషయంలో ఆయనది ఒకటే పద్ధతి. రాడ్డంటే పైన పిస్టన్‌కీ కింద తిరిగే క్రాంకుకీ నడుమ నిలిచే ఉక్కు చెయ్యి. ఇంజను తిరిగినంతసేపూ నిమిషానికి వేలసార్లు అటూ ఇటూ లాగుడుపడేది అదే. ఆచారిగారు దాన్ని పురికొసతో దూలానికి వేలాడదీసి, చిన్న ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవారు. మంచి రాడ్డు ఖంగుమని పలికి, ఆ నాదం గుడిగంటకు మల్లే చాలాసేపు సాగుతుంది. లోపల వెంట్రుకవాసి నెర్రె ఉన్నా సరే, పగిలిన కుండ మీద కొట్టినట్టు బద్దగా పలికి అక్కడికక్కడే చచ్చిపోతుంది. కొట్టాక ఆయన రాడ్డు వంక చూసేవారు కారు. ఎదురుగా నిలబడ్డ నాంచారయ్య మొహంలోకి చూసేవారు. ఆపైన తల నిలువుగా ఊపితే రాడ్డు ఇంజనులోకి, అడ్డంగా ఊపితే తిరిగి డబ్బాలోకి. తాను దిక్కులు చూస్తున్నాడేమోనని గురువుగారు కనిపెడుతున్నారనుకుని, నాంచారయ్య ఆ కాసేపూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడేవాడు.

ఆ ఏడు వేట ఆపిన నెలన్నరకు బుల్లెమ్మ బోటు ఇంజను వచ్చింది. బుల్లెమ్మ మొగుడు మంచాన పడ్డాక బోటు బాధ్యతంతా తనే నెత్తికెత్తుకున్న మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆ బోటు నడిపే సరంగు పాండురంగం, నాంచారయ్య అక్క మొగుడు. నీళ్ళ పంపు ఆగిపోయిన సంగతి ఎవరూ చూసుకోక, ఇంజను కాగి కాగి, పిస్టన్లు ఆరూ పట్టేశాయి. రాడ్లు రెండు వంగిపోయాయి. విప్పి చూపిస్తే బుల్లెమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"కంపెనీ సామాను వేసే తాహతు నాకు లేదు ఆచారిగారూ. ఉన్నదాంట్లో కట్టండి. ఆరుగురు ఎక్కే బోటు. ఆరుగురూ దిగాలి. అంతే నే కోరేది."

ఆచారిగారు నాంచారయ్య వైపు తిరిగారు. "ఈసారి సామాను నువ్వే కొనుక్కురా," అన్నారు.

నాంచారయ్యకు నమ్మశక్యం కాలేదు. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ ఆయన మరొకరి చేత సామాను కొనిపించలేదు. "ఆవిడిచ్చే డబ్బుకు రెండూ మంచివి రావు గురువుగారూ. పిస్టన్లకు ఎక్కువ పెట్టనా, రాడ్లకు పెట్టనా?" అని అడిగాడు. ఆయన అప్పటికే ఇంకో ఇంజను మీదికి వంగిపోయారు. వినపడిందో లేదో కూడా తెలియలేదు.

బెజవాడ బస్సులో దారిపొడుగునా నాంచారయ్య ఆలోచించాడు. పిస్టన్ పోతే ఇంజను పొగ కక్కుతుంది, లాగుడు తగ్గుతుంది, కానీ కుంటుకుంటూనైనా ఒడ్డుకు చేరుస్తుంది. రాడ్డు విరిగితే అలా కాదు. విరిగిన ముక్క బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. ఆ తర్వాత బోటు కట్టెదుంగే. గాలి ఎటు తోస్తే అటు. కాబట్టి పిస్టన్లలో మధ్యరకంతో సరిపెట్టుకుని రాడ్లకే ఎక్కువ పెట్టాలని నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయం తనంతట తనకే తోచినందుకు లోపల కొంచెం పొంగాడు కూడా.

ఆటోనగర్‌లో దుకాణందారు కిళ్ళీ దవడకేసుకుని నవ్వాడు. "పిస్టన్లు తళతళలాడేవి తీసుకో బందరు బాబూ, బోటు యజమాని కంటికి ఆనతాయి. రాడ్లేముంది, ఇంజనులోకి ఎవరు తొంగి చూస్తారు!"

"సముద్రం చూస్తుందండి," అన్నాడు నాంచారయ్య. ఆ మాటకు దుకాణందారు నవ్వు మానేసి, లోపలికెళ్ళి, పెద్ద పేరు లేకపోయినా నాణెంగా చేస్తారని చెప్పి ఒక డబ్బా తెచ్చాడు. ఆరు రాడ్లు. నునుపుగా, ఒకే అచ్చున పోసినట్టున్నాయి. నాంచారయ్య ఒక్కొక్కటీ తూకం వేయించాడు. ఆరూ చిన్నమెత్తు తేడా లేకుండా తూగాయి. తిరుగు బస్సులో ఆ డబ్బాను పక్కన పెట్టలేదు. పురిటిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం దీపం పెట్టి, దూలానికి పురికొస కట్టారు. మొదటి రాడ్డు ఖంగుమంది. ఆచారిగారు నాంచారయ్య మొహం చూసి తలూపారు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. తన ఎంపిక నెగ్గుతోందని నాంచారయ్య గుండె నిండిపోతోంది.

నాలుగోది ఠప్పుమంది.

నాదం లేదు. సాగలేదు. పలికిన చోటే పడి చచ్చింది. అది నాంచారయ్య ఎంపిక. తను కొన్నది. తను తూకం వేయించింది. ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆ సిగ్గుకు తల పైకెత్తలేక, బల్ల మీది పిస్టన్ల వైపు తిరిగి, మొహం దించుకుని నిలబడ్డాడు. ఇప్పుడాయన తల అడ్డంగా ఊపుతారు, తను ఆ డబ్బా పట్టుకుని మళ్ళీ బెజవాడ పోవాలి అనుకున్నాడు.

ఆచారిగారు తల ఊపలేదు. కాసేపాగి ఇంకోసారి కొట్టారు. మళ్ళీ అదే చచ్చు మోత. నాంచారయ్య తల ఇంకా దించాడు. వాడు ఓరకంట చూసేసరికి, ఆచారిగారి తల మెల్లగా, నిలువుగా ఊగింది.

వాడు నిలువునా నీరైపోయాడు. నా చెవే తప్పు విన్నదా? పురికొస ఎక్కడైనా తగిలిందా? తొమ్మిదేళ్ళుగా ప్రమాణంగా నమ్మిన తల అది. గురువు తలూపాక శిష్యుడి చెవికి ఏం పని? ఐదోదీ ఆరోదీ గంటల్లా మోగాయి. నాంచారయ్య ఆరింటినీ కడిగి, నూనె రాసి, ఒకటోదాన్ని ఒకటో సిలిండర్లో మొదలుపెట్టి వరసగా బిగించాడు. నాలుగోదాని బోల్టు మాత్రం వాడు రెండుసార్లు బిగించి చూశాడు.

ఇంజను పువ్వులా తిరిగింది. గంటసేపు తిప్పినా ఒక్క అపశ్రుతి లేదు. వేట మొదలవడానికి ఇంక ఒక్క రోజే ఉంది. బుల్లెమ్మ పసుపూ కుంకుమా నిమ్మకాయలూ ముగ్గుగిన్నె కూడా బుట్టలో పెట్టుకుని, పాండురంగాన్ని వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చేసింది. ఇంజను ముందు ముగ్గు పెట్టడానికి వంగుతూ, "ఆచారిగారూ, దీని కూత వింటే మా ఆయన మంచం మీంచి లేచి కూర్చుంటాడండీ!" అంది.

పాండురంగం బావమరిది వీపు మీద చరిచాడు. "ఏరా బామ్మర్దీ, ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు ఆ మొహమేంట్రా? మీ అక్క నిన్ను నాలుగు రోజులై అన్నానికి పిలుస్తోందంట, రావడం లేదంట. ఇంజను కట్టావు గనక నీకు కొమ్ములొచ్చాయా? తొలి వేటలో పెద్ద వంజరం చేప నీకే, సరేనా?"

నాంచారయ్య బావ మొహం చూశాడు. అక్క మొహం కనిపించింది. బోటు ఎక్కే మిగతా ఐదుగురి పేర్లూ ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చాయి. కూలీలు ఇంజనును లారీ మీదికి ఎత్తడానికి గొలుసులు తగిలిస్తున్నారు.

"దించండి," అన్నాడు. గొలుసుల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు, ఈసారి షెడ్డంతా వినబడేట్టు. "గొలుసులు దించండి! గురువుగారూ, నాలుగో రాడ్డు చచ్చు మోత మోగింది. నేను విన్నాను. విని కూడా బిగించాను."

బుల్లెమ్మ చేతిలో ముగ్గుపిండి చేతిలోనే ఉండిపోయింది. పాండురంగం నవ్వు మొహం మీదే ఆరిపోయింది. గురువు ఊపిన తలను శిష్యుడు నలుగురిలో కాదన్నాడు. ఇంక ఈ షెడ్డులో తనకు నూకలు చెల్లినట్టేనని నాంచారయ్య అనుకున్నాడు.

కాళహస్తాచారిగారు కోప్పడలేదు. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. వచ్చి పైపంచె తీసి గూటానికి తగిలించి, "విప్పు," అన్నారు.

విప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. హెడ్డు దింపి, అడుగున నూనె తొట్టె విప్పి, నాలుగో పిస్టన్‌ను రాడ్డుతో సహా పైకి తోసి తీశారు. అన్నం మాట ఎవరూ ఎత్తలేదు. పాత రాడ్లలో పగులు వెతకడానికి ఒక పరీక్ష ఉంది. కొత్తవాటికి దాన్ని ఎవరూ చెయ్యరు. ఆ షెడ్డులో అయితే ఆచారిగారి తలకాయ ఊపే చాలు. ఆరోజు ఆయన ఆ కొత్త రాడ్డునే కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో కాసేపు పెట్టారు. తర్వాత బుల్లెమ్మ వైపు చెయ్యి చాచి, "తల్లీ, ఆ ముగ్గు ఇలా ఇయ్యి," అన్నారు.

రాడ్డు పొడుగునా తెల్లగా ముగ్గుపిండి చల్లారు. నలుగురూ వంగి చూస్తున్నారు. కాసేపు ఏమీ లేదు. పాండురంగం ఊపిరి వదిలి, "చూశావా, ఏమీ లే..." అంటుండగానే, రాడ్డు మెడ దగ్గర, తెల్లటి ముగ్గులో, ఎవరో సూదిమొనతో గీసినట్టు, తడిగా నల్లటి గీత ఒకటి లేచింది. చూస్తుండగా అది సాగింది. మెడ చుట్టూ సగందాకా వెళ్ళి ఆగింది. పగుల్లోకి దిగి దాక్కున్న కిరసనాయిలు ముగ్గులోకి ఊరి బయటపడిందన్నమాట.

"అమ్మ నా తల్లీ," అంది బుల్లెమ్మ. ఆవిడ నోటి వెంట అంత చిన్న గొంతు ఎవరూ విని ఉండరు. పాండురంగం గోడకు ఆనుకుని, అలాగే జారి, చతికిలబడ్డాడు.

నాంచారయ్య గురువుగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నేనంటే సిగ్గుతో నోరు మూసుకున్నాను. మీరు... మీరు దీనికి ఎందుకు తలూపారు గురువుగారూ? రెండుసార్లు కొట్టారే! రెండుసార్లూ చచ్చు మోతే కదా!"

ఆచారిగారు ఆ నల్లగీత మీంచి చూపు తిప్పలేదు. "నాకు మోత వినపడి రెండేళ్ళయింది," అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే మళ్ళీ చెప్పారు. "ఏకాదశినాడు చిలకలపూడి పాండురంగడి గుళ్ళో గంట కొట్టాను. దెబ్బ వినపడింది. దాని వెనక సాగే నాదం లేదు. గంట పగిలిందేమో అనుకున్నాను. పక్కన పిల్లలు అది సాగినంతసేపూ చెవులు మూసుకుని నవ్వుతున్నారు. అప్పుడు తెలిసింది, పగిలింది గంట కాదని. మాట వినబడుతుంది నాకు, కాస్త గట్టిగా అంటే. మోత వినపడదు."

"మరి ఈ రెండేళ్ళూ..." అన్నాడు నాంచారయ్య.

"బద్దగా మోగితే నీ ఎడమ కనుబొమ్మ ముడిపడుతుంది. చక్కగా మోగితే నీ దవడ వదులవుతుంది. నీకు తెలియదు. నేనది చూసి తలూపేవాణ్ణి."

అవును. మునుపు ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఆ కళ్ళు ఎప్పుడు తెరుచుకున్నాయో నాంచారయ్య గమనించనేలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే కళ్ళముందుకు వచ్చాయి. ఈ రెండేళ్ళలో ఈ షెడ్డు గడప దాటిన ఇంజన్లు, వాటిని నమ్ముకుని తుఫాను చివర్లలో కూడా నడిసముద్రం దాకా పోయొచ్చిన బోట్లు, దిగి నడిచొచ్చిన మనుషులు. వాళ్ళందరి ప్రాణాలూ తన కనుబొమ్మ మీద నడిచాయి. వాడు రెండు చేతులూ నేలకు ఆనించి నిలదొక్కుకున్నాడు.

"చెప్పి ఉండకూడదా గురువుగారూ?"

"చెబితే నీకు భయం పట్టుకుంటుందనుకున్నాను. భయపడ్డవాడి మొహం నిజం చెప్పదు. అది నాకు నేను చెప్పుకున్న మాట. అసలు మాట, సిగ్గు. మొన్న నువ్వు మొహం దించుకున్నావు. 'ఎలా మోగిందిరా' అని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేకపోయాను. ఊపేశాను." ఆయన రాడ్డును ముగ్గుతో సహా చేతుల్లోకి తీసుకున్నారు. "నీ సిగ్గూ నా సిగ్గూ కలిసి ఆరుగురిని పంపబోయాయి."

అంతటి మనిషి కళ్ళ నీళ్ళు పెట్టుకోవడం ఆ షెడ్డు మొదటిసారి చూసింది. చివరికి బుల్లెమ్మే ముందుకొచ్చింది.

"చెవుడొస్తే చెప్పుకోడానికి సిగ్గేమిటండీ ఆచారిగారూ! మా ఆయనకూ వచ్చింది. నేను తిట్టేవి వినపడక మారాజులా ఉన్నాడు. మీరిద్దరూ కలిసి నా కొంప ముంచబోయారు, అందుకు మాత్రం మిమ్మల్ని తిట్టకుండా వదలను. మీకు వినబడేట్టే తిడతాను." అంటూనే ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "రేపటి వేట లేకపోతే మానె. గంగమ్మ తల్లి ఎక్కడికీ పోదు. రెండు రోజులాగి పోతాం. ఏం సరంగూ?"

పాండురంగం లేచి వచ్చి బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు.

నాంచారయ్య మెల్లగా తేరుకుని ఇంజను వైపు చూశాడు. దాని కడుపులో అదే డబ్బాలోని రాడ్లు ఇంకా ఐదు ఉన్నాయి. గురువుగారు తలూపినవే. ఆ తలూపుకు ఇప్పుడు విలువేమిటి?

"గురువుగారూ," అన్నాడు, ఆయనకు వినబడేట్టు గట్టిగా. "మరి మిగతా ఐదూ? అవి మంచివేనంటారా?"

కాళహస్తాచారిగారు చేతికంటిన ముగ్గు దులుపుకుని వాడి మొహంలోకి చూశారు.

"అవి మోగినప్పుడు విన్నది ఎవరు నాయనా?" అన్నారు.